అమ్మ పుట్టినరోజుకి మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్: ఒక్క రాత్రి రైలు ట్రిప్ ఎలా ప్లాన్ చేసుకోవాలి

మ్యూనిక్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు సాల్జ్‌బర్గ్ అంటే పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే ఊరు అనుకుంటారు, నేను కూడా మూడుసార్లు అలాగే వెళ్ళొచ్చా. కిందటి అక్టోబర్‌లో అమ్మ తెనాలి నుంచి వచ్చింది, తన అరవయ్యో పుట్టినరోజు ఇక్కడే పడింది, అందుకని ఈసారి ఒక రాత్రి అక్కడే ఉన్నాం. ఆ ఒక్క రాత్రి వల్ల ఎంత తేడా వచ్చిందో చెప్పలేను. సాయంత్రం ఆరు దాటాక టూరిస్ట్ బస్సులు, గ్రూపులు అన్నీ వెళ్ళిపోతాయి, సందులన్నీ ఖాళీ, చర్చి గంటలు తప్ప చప్పుడు లేదు. కాబట్టి నేను చెప్పేదంతా ఒక్క మాట మీద నడుస్తుంది: పుట్టినరోజుకి ముందురోజు బయల్దేరండి, పుట్టినరోజు పొద్దున ఆ ఊళ్ళో నిద్ర లేవండి. మిగతావన్నీ దాన్ని బట్టి సర్దుకోవచ్చు.

ముందు తేదీ, హోటల్

పుట్టినరోజు తేదీ మన చేతిలో ఉండదు కదా, అది ఏ సీజన్‌లో పడిందో మాత్రం చూసుకోవాలి. జులై చివరి నుంచి ఆగస్ట్ చివరిదాకా సాల్జ్‌బర్గ్ ఫెస్టివల్ ఉంటుంది, 1920 నుంచి జరుగుతున్న పెద్ద సంగీతం, నాటకాల పండగ, అప్పుడు హోటల్ రేట్లు ఆకాశంలో ఉంటాయి. నవంబర్ చివర నుంచి డిసెంబర్‌లో క్రిస్మస్ మార్కెట్ రద్దీ. జనవరి 27 ఈ ఊళ్ళోనే పుట్టిన సంగీతకర్త మోజార్ట్ పుట్టినరోజు, ఆ వారం చుట్టూ కూడా కచేరీలు ఉంటాయి, మీ వాళ్ళ పుట్టినరోజు దానికి దగ్గర్లో పడితే సంగీతం ఇష్టమున్న వాళ్ళకి అంతకంటే మంచి కానుక ఏముంటుంది. ఈ మూడూ కాకపోతే హాయి. మాకు అక్టోబర్‌లో మంగళవారం పడింది, సోమవారం రాత్రికి రూమ్ వీకెండ్ రేట్ కంటే బాగా తక్కువకే దొరికింది. వీలైతే వారం మధ్యలో ఒక రోజున్నర సెలవు పెట్టండి, వీకెండ్ దాకా ఆగి చేసిన పుట్టినరోజు వేరు, అసలు రోజున చేసింది వేరు.

రూమ్ ఎక్కడ తీసుకోవాలి అంటే, పెద్దవాళ్ళు ఉంటే స్టేషన్‌కీ మిరాబెల్ గార్డెన్‌కీ మధ్యలో తీసుకోండి. నదికి అవతల పాత ఊళ్ళో హోటళ్ళు అందంగా ఉంటాయి నిజమే, కానీ అక్కడ కార్లు రానివ్వని వీధులు ఎక్కువ, రాళ్ళు పరిచిన దారి మీద సూట్‌కేస్ లాగడం అంటే చక్రాలు అరిగిపోవడమే. లిఫ్ట్ ఉందో లేదో బుక్ చేసేముందే మెసేజ్ పెట్టి అడగండి, పాత బిల్డింగుల్లో ఉండకపోవచ్చు. ఆ మెసేజ్‌లోనే పుట్టినరోజు అని కూడా రాయండి, మేం రాశాం, రూమ్‌లో చిన్న కార్డు, రెండు చాక్లెట్లు పెట్టారు, అమ్మ ఆ కార్డు తెనాలి తీసుకెళ్ళింది.

కాగితాలు

గంటన్నరలో వచ్చేస్తుంది కదా అని చాలామంది తేలిగ్గా తీసుకునేది ఇదే. సాల్జ్‌బర్గ్ ఆస్ట్రియాలో ఉంది. షెంగెన్, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు, దాని లోపలే కాబట్టి అమ్మానాన్నల జర్మన్ విజిట్ వీసా పనికొస్తుంది, సింగిల్ ఎంట్రీ అయినా ఇబ్బంది లేదు, ఎందుకంటే మీరు షెంగెన్ దాటి బయటికి వెళ్ళట్లేదు. కానీ తిరిగొచ్చేటప్పుడు బోర్డర్‌లో ఫ్రైలాసింగ్ దగ్గర జర్మన్ పోలీసులు రైలెక్కి చెక్ చేస్తారు, 2015 నుంచి ఈ చెకింగ్ నడుస్తోంది. పాస్‌పోర్ట్ ఒరిజినల్ ఉండాలి, ఫోన్‌లో ఫోటో చూపిస్తే కుదరదు. ఇక్కడ ఉండేవాళ్ళు పాస్‌పోర్ట్‌తో పాటు రెసిడెన్స్ కార్డ్ కూడా పెట్టుకోండి. మీ కార్డ్ రెన్యువల్‌లో ఉండి చేతిలో తాత్కాలిక కాగితం మాత్రమే ఉంటే టికెట్ కొనేముందే మీ ఫారినర్స్ ఆఫీసులో అడిగి తేల్చుకోండి, పుట్టినరోజు పూట ప్లాట్‌ఫామ్ మీద నిలబెడితే బాగోదు. అమ్మానాన్నల ట్రావెల్ ఇన్సూరెన్స్ మొత్తం షెంగెన్‌కి ఉందా అని కూడా ఒకసారి చూడండి.

టికెట్ తీసుకోవడం

రెండు దారులున్నాయి. ఒకటి ఫాస్ట్ రైళ్ళు, ఆస్ట్రియా వాళ్ళ రైల్‌జెట్ లాంటివి, గంటన్నరలో దింపేస్తాయి, ముందుగా కొంటే చవక, చివర్లో కొంటే మోత. రెండోది రీజనల్ రైలు, ఆర్‌ఈ 5, బాయరిషే రెగియోబాన్ నడుపుతుంది, దాదాపు గంటా ముప్పావు నుంచి రెండు గంటలు. తేడా అంతే, అందుకే నేను రీజనలే అంటాను. ఏ రైలు అయినా ఎక్కొచ్చు, ఒకటి పోతే ఇంకోటి, పెద్దవాళ్ళని పరిగెత్తించక్కర్లేదు.

మీ దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్, అంటే జర్మనీ అంతా రీజనల్ రైళ్ళు, బస్సులకి పనికొచ్చే నెలవారీ పాస్, ఉంటే అది సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా చెల్లుతుంది, బోర్డర్ దాటినా సరే, ఇది తెలియక అదనంగా టికెట్ కొన్నవాళ్ళని చూశాను. అయితే రీజనల్ రైళ్ళలోనే, ఐసీఈ, ఈసీ, రైల్‌జెట్ లాంటి ఫాస్ట్ రైళ్ళలో చెల్లదు. అమ్మకి బాయర్న్ టికెట్, అంటే బవేరియా రాష్ట్రానికి ఒక రోజు టికెట్, తీసుకున్నాం, అది కూడా సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా పనిచేస్తుంది, ఒకే టికెట్ మీద ఐదుగురి దాకా వెళ్ళొచ్చు, మనిషి పెరిగిన కొద్దీ కొంచెం పెరుగుతుంది అంతే. మీ దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే మిమ్మల్ని అందులో లెక్కేయకండి, లేనివాళ్ళకి మాత్రమే కొనండి. గుర్తుపెట్టుకోవాల్సినవి: సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున 9 తర్వాతే మొదలవుతుంది, శని ఆదివారాలు అర్ధరాత్రి నుంచే. టికెట్ మీద ప్రయాణించే వాళ్ళ పేర్లు రాయాలి. ఒక్క రోజుకే చెల్లుతుంది కాబట్టి వెళ్ళేటప్పుడు ఒకటి, మర్నాడు వచ్చేటప్పుడు ఇంకోటి. సాల్జ్‌బర్గ్ ఊళ్ళో బస్సులకి మాత్రం పనికిరాదు.

ముందురోజు రాత్రి జర్మన్ రైల్వే వాళ్ళ డీబీ యాప్‌లో రైలు మళ్ళీ చూసుకోండి. ఈ లైన్‌లో ట్రాక్ పనులు వస్తుంటాయి, రైలుకి బదులు బస్సు వేస్తారు, జర్మనీలో ఉన్నవాళ్ళకి ఎస్‌ఈవీ అంటే గుండె గుభేల్‌మంటుంది కదా, అదే. ఒకవేళ ఆ రోజు అలా ఉంటే ఆ ఒక్క రోజుకి ఫాస్ట్ రైలు దారి ఏమైనా ఉందేమో చూడండి. బోగీ ఎక్కేముందు డోర్ పక్కన గమ్యం పేరు కూడా చదవండి, బవేరియాలో రీజనల్ రైళ్ళు మధ్యలో విడిపోయి ముందు సగం ఒక ఊరికి వెనక సగం ఇంకో ఊరికి వెళ్ళడం మామూలే.

సంచిలో ఏం పెట్టాలి

పులిహోర. ఇది మొదటిది. మధ్యాహ్నం రైల్లో తినడానికి, అవసరమైతే రాత్రికి కూడా. గొడుగు తప్పకుండా, సాల్జ్‌బర్గ్‌లో సన్నగా ఆగకుండా దారాల్లాగా పడే వానకి వాళ్ళ భాషలో ష్న్యూర్ల్‌రేగెన్ అని పేరే ఉంది, ష్న్యూర్ల్ అంటే దారం. అరికాలు మందంగా ఉన్న షూస్, చెప్పులతో ఆ రాళ్ళ మీద నడిస్తే మోకాళ్ళు పట్టేస్తాయి. చీర కట్టుకుని ఫోటోలు దిగాలనుంటే పైన వేసుకునే కోటు ఏ రంగుదో ముందే చూసుకోండి, అమ్మ ఆకుపచ్చ పట్టుచీర మీద నా ముదురునీలం జాకెట్ వేసుకుంది, బాగానే కుదిరింది. పూజకి చిన్న ఫోటో, కుంకుమ భరిణె పెట్టుకోవచ్చు. కానీ రూమ్‌లో దీపం, అగరొత్తులు, కేక్ మీద కొవ్వొత్తులు వద్దండి, స్మోక్ అలారం మోగితే హోటల్ మొత్తం ఖాళీ చేయిస్తారు, బిల్లు కూడా మీకే రావొచ్చు.

మొదటి రోజు

రైల్లో కుడివైపు కూర్చోండి. రోజెన్‌హైమ్ దాటాక ఆల్ప్స్ కొండలన్నీ దక్షిణంగా, అంటే మీ కుడివైపే వస్తాయి. ప్రీన్ దాటాక కాసేపు మాత్రం ఎడమవైపు చూడండి, కీమ్‌జే సరస్సు ఆ పక్కనే ఉంటుంది.

దిగాక లగేజ్ హోటల్‌లో పెట్టేసి, రూమ్ ఇంకా ఇవ్వకపోయినా సామాను ఉంచుకుంటారు, మిరాబెల్ గార్డెన్‌కి నడవండి. 1606లో వోల్ఫ్ డీట్రిష్ అనే ఆర్చ్‌బిషప్ తన ప్రియురాలు సాలొమే ఆల్ట్ కోసం ఇక్కడ ప్యాలెస్ కట్టించాడు. 1965లో వచ్చిన ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్ అనే పెద్ద హాలీవుడ్ మ్యూజికల్‌లో పిల్లలు మెట్ల మీద పాడేది ఇక్కడే, అందుకే ఆ మెట్ల దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు పాడుతూ వీడియో తీసుకుంటుంటారు. అక్కడి నుంచి ఎదురుగా కొండ మీద కోట కనిపిస్తుంది, తోట, చర్చి గోపురాలు, పైన కోట, మొత్తం ఒకే ఫ్రేమ్‌లో వస్తాయి. పుట్టినరోజు ఫోటో ఇక్కడే తీయండి, టికెట్ కూడా లేదు.

ఊరి పేరులోనే ఉప్పు ఉంది, సాల్జ్ అంటే ఉప్పు, బుర్గ్ అంటే కోట. పక్కనున్న హాలైన్ గనుల ఉప్పు పడవల్లో సాల్జాక్ నది మీదుగా వెళ్ళేది, ఆ ఉప్పు డబ్బుతోనే ఇక్కడి ఆర్చ్‌బిషప్‌లు రాజుల్లాగా ఏలారు, ఈ ప్యాలెస్‌లు చర్చిలు అన్నీ కట్టారు. ఇది చెప్తే అమ్మ ఒక్క నిమిషం ఆగి, ఉప్పు మీద ఇంత ఊరు కట్టారా అని నది వైపు చూస్తూ నిలబడింది. ఊరు ఆస్ట్రియాకి చేరింది 1816లోనే, అంతకుముందు చాలా కాలం ఇది వేరే రాజ్యం.

మధ్యాహ్నం పెద్దవాళ్ళని ఒక గంటన్నర పడుకోనివ్వండి. నిజంగా చెప్తున్నా, ఇది తీసేసి ఇంకో మ్యూజియం పెడితే మర్నాడు పుట్టినరోజు మొత్తం నొప్పులతో గడుస్తుంది.

సాయంత్రం నాలుగు నాలుగున్నరకి సాల్జ్‌బర్గ్ కార్డ్ వాడటం మొదలుపెట్టండి. 24 గంటల కార్డ్ చాలు, మొదటిసారి వాడినప్పటి నుంచి గంటలు లెక్క, అంటే ఈ సాయంత్రం మోన్‌క్స్‌బెర్గ్ లిఫ్ట్‌తో మొదలుపెడితే రేపు సాయంత్రం దాకా కోట, కోటకెళ్ళే రైలు, మోజార్ట్ ఇల్లు, ఊళ్ళో బస్సులు అన్నీ అందులోనే. విడివిడిగా కొంటే ఎంతవుతుందో లెక్కేసుకోండి, మూడు చోట్లకి వెళ్తే నాకు కార్డే లాభంగా అనిపించింది. ఒక్కో చోటికి ఒక్కసారే ప్రవేశం, అది గుర్తుంచుకోండి.

మోన్‌క్స్‌బెర్గ్ లిఫ్ట్ కొండ లోపల నుంచి అర నిమిషంలో పైకి తీసుకెళ్తుంది, ఒక్క మెట్టు ఎక్కక్కర్లేదు. పైన మోడరన్ ఆర్ట్ మ్యూజియం ముందు టెర్రస్ ఉంది, సూర్యాస్తమయానికి అరగంట ముందు చేరుకోండి. ఈ కొండకి ఒక కథ ఉంది: 1669లో రాత్రిపూట కొండచరియ విరిగి కింద ఇళ్ళ మీద పడి దాదాపు 220 మంది చనిపోయారు, ఇప్పుడు ఊరికి కొండని శుభ్రం చేసే మనుషులు ప్రత్యేకంగా ఉన్నారు, తాళ్ళతో వేలాడుతూ రాళ్ళని తట్టి తట్టి వదులైనవి ముందే దింపేస్తారు. కింద ఇళ్ళు కొండకి ఎంత ఆనుకుని ఉన్నాయో చూస్తే ఆ పని విలువ అర్థమవుతుంది.

ఎనిమిదిన్నర ఫోన్లు

ఇది ఎవరూ చెప్పని సంగతి. ఎండాకాలం టైమ్ నడిచేటప్పుడు మనకి ఇండియాకి మూడున్నర గంటల తేడా, కాబట్టి ఇండియాలో అర్ధరాత్రి 12 అంటే ఇక్కడ రాత్రి 8:30. అక్టోబర్ చివరి ఆదివారం తర్వాత అయితే 7:30. అంటే తమ్ముళ్ళు, పిన్ని, మనవలు అందరి వీడియో కాల్స్ ముందురోజు రాత్రి భోజనం మధ్యలోనే మొదలవుతాయి. అందుకని ఏడుకే తినేయండి, ఎనిమిదిన్నరకి నది ఒడ్డున మకార్ట్ వంతెన మీద నిలబడండి, ప్రేమ తాళాలు వేసిన వంతెన అదే. వెనకాల దీపాల్లో వెలిగే కోట కనిపిస్తుంది. జర్మన్ సిమ్‌కి ఆస్ట్రియాలో అదనపు రోమింగ్ ఛార్జ్ ఉండదు, అమ్మ ఫోన్‌కి మీ హాట్‌స్పాట్ ఇవ్వండి. మా పెద్దమావయ్య ఆ కోటని చూసి ఏమే ఎక్కడికెళ్ళావు అని అడిగితే అమ్మ వంతెన మీద అటూ ఇటూ తిరుగుతూ ఫోన్ తిప్పి తిప్పి చూపించింది, ఒక గంట అలాగే ఉన్నాం, చలి కూడా తెలియలేదు.

తిండి గురించి, ముఖ్యంగా శాకాహారులకి

మెనూలో ఫ్రిటాటెన్ సూప్ అని ఉంటుంది, దోసె ముక్కలు వేసిన చారులాగా కనిపిస్తుంది, అది గొడ్డు మాంసం ఉడికించిన నీళ్ళతో చేసేది, జాగ్రత్త. క్నోడెల్ ఉండల్లో కూడా పంది మాంసం ముక్కలు ఉండొచ్చు, అడగండి. ఓనే ఫ్లైష్ అంటే మాంసం లేకుండా అని, కానీ చారు సంగతి విడిగా అడగాలి, ఎందుకంటే చాలామంది చారుని మాంసం కింద లెక్కేయరు. గుడ్డు తినేవాళ్ళకి కాస్‌నోకెన్ బాగుంటుంది, చీజ్‌తో చేసిన చిన్న చిన్న పిండి ముద్దలు, పైన వేయించిన ఉల్లిపాయలు, వేడివేడిగా పెనంతో సహా తెచ్చి పెడతారు. యాపిల్ స్ట్రూడెల్ దాదాపు అందరికీ నచ్చుతుంది.

పుట్టినరోజు కేక్ బదులు సాల్జ్‌బుర్గర్ నోకెర్ల్ తెప్పించండి. గుడ్డు తెల్లసొన గిలక్కొట్టి మూడు కొండల్లాగా పెట్టి బేక్ చేసి పైన పంచదార పొడి చల్లుతారు, ఊరి చుట్టూ ఉన్న మంచు కొండలకి గుర్తు అంటారు. చేయడానికి ఇరవై నిమిషాలు పైనే పడుతుంది కాబట్టి భోజనంతో పాటే చెప్పేయండి, ఒకటి ఇద్దరు ముగ్గురికి సరిపోతుంది, తెచ్చిన వెంటనే తినాలి లేకపోతే కుంగిపోతుంది. గుడ్డు అసలు తినని వాళ్ళకి ఇది కుదరదు, వాళ్ళకి ఇంట్లో చేసిన రవ్వలడ్డూ తీసుకెళ్ళడమే మంచిది.

పుట్టినరోజు పొద్దున

ఆరున్నరకి లేచి టీ తాగి బయటికి రండి. ఏడింటికి రెసిడెంజ్‌ప్లాట్జ్ అనే చౌరస్తా దగ్గర గంటల టవర్‌లో 35 గంటలు కలిసి ఒక పాట మోగిస్తాయి, మళ్ళీ పదకొండుకి, సాయంత్రం ఆరుకి మోగుతాయి కానీ పొద్దున్నే వినడం వేరు, చౌరస్తాలో మీరు, పావురాలు, చెత్తబండి తోలే అతను తప్ప ఎవరూ ఉండరు. అక్టోబర్ దాకా అయితే పాట అయ్యాక కొండ మీద కోటలోంచి పెద్ద ఆర్గన్ బుర్రుమని అరుస్తుంది, దాన్ని సాల్జ్‌బర్గ్ ఎద్దు అంటారు, 1502 నాటిది. అమ్మ ఉలిక్కిపడి నవ్వింది.

అక్కడి నుంచి కోటకెళ్ళే రైలు వైపు నడిస్తే సెయింట్ పీటర్ మఠం బేకరీ వస్తుంది, పక్కన కాలువ నీళ్ళతో తిరిగే చక్రం, కట్టెల పొయ్యి మీద కాల్చిన రొట్టె, నేల కింద గదిలోంచి వాసన వీధిలోకి వస్తుంది. తెరిచి ఉండే రోజులు ముందే చూసుకుని వెళ్ళండి. చిన్న రొట్టె ఒకటి వేడిగా కొని చేత్తో తుంచుకుని తింటూ నడవండి.

పుట్టినరోజున గుడికి వెళ్ళాలి అంటారు మనవాళ్ళు. ఆ ఊళ్ళో మన గుడి కోసం వెతుక్కునే బదులు పెద్ద చర్చి, డోమ్ దగ్గరికి తీసుకెళ్ళాను. తలుపుల మీద 774, 1628, 1959 అని మూడు సంవత్సరాలు ఉంటాయి, మూడుసార్లు ప్రతిష్ఠ జరిగిందన్నమాట. 1944లో బాంబు పడి గోపురం కూలిపోయింది, బాగుచేసి మళ్ళీ తెరిచింది 1959లో. మోజార్ట్‌కి బాప్టిజం ఇచ్చిన తొట్టి లోపలే ఉంది. అమ్మ ఒక కొవ్వొత్తి వెలిగించి మన గోత్రనామాలు మనసులో చెప్పుకుంది.

తొమ్మిదిన్నర లోపు కోట. హోహెన్‌సాల్జ్‌బుర్గ్ 1077లో గెబ్‌హార్డ్ అనే ఆర్చ్‌బిషప్ మొదలుపెట్టాడు, 1892 నుంచి కేబుల్ రైలు నడుస్తోంది, కానీ రైలు దిగాక కూడా లోపల మెట్లు, ఎత్తు దారులు ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళని మొదటి టెర్రస్ దగ్గర కాఫీతో కూర్చోబెట్టి మీరు వెళ్ళి రండి. గోడల మీద చాలాచోట్ల టర్నిప్ దుంప బొమ్మ కనిపిస్తుంది, అది లియోన్‌హార్డ్ ఫాన్ కొయిట్‌షాక్ చిహ్నం, 1495 నుంచి 1519 దాకా ఏలి కోటని ఇప్పుడున్నంత పెద్దది చేసింది ఆయనే. పిల్లలుంటే ఎన్ని దుంపలు దొరుకుతాయో లెక్కపెట్టమనండి, గంటసేపు గొడవ ఉండదు.

మోజార్ట్ పుట్టిన ఇల్లు గెట్రైడెగాసె 9లో, పసుపు రంగు బిల్డింగ్. 1756 జనవరి 27న మూడో అంతస్తులో పుట్టాడు, 1880 నుంచి మ్యూజియం. చిన్నప్పుడు వాయించిన వయొలిన్ చూడండి, ఎంత చిన్నదో. అంతకుమించి లోపల రద్దీ, మెట్లు, ఓపిక లేకపోతే వీధిలోంచి చూసినా నష్టం లేదు.

మోజార్ట్‌కుగెల్ అనే ఈ ఊరి గుండ్రటి చాక్లెట్లు కొనాలంటే, ఎర్ర కాగితంలో బంగారు రంగులో అన్నిచోట్లా దొరికేవి ఫ్యాక్టరీవి. 1890లో పౌల్ ఫ్యూర్స్ట్ అనే మిఠాయివాడు మొదట చేసినవి వెండి, నీలం కాగితంలో ఉంటాయి, ఆల్టర్ మార్క్ట్ దగ్గర ఆ కొట్టే ఉంది, ఇప్పటికీ చేత్తోనే చేస్తారు. ఖరీదు ఎక్కువే, కానీ పుట్టినరోజు మనిషికి రెండైనా అవి కొనండి, బంధువులకి పంచడానికి ఎర్రవి చాలు. ఆదివారం షాపులు ఎక్కువగా మూసి ఉంటాయి.

పిల్లలతో వెళ్ళేవాళ్ళు మోజార్ట్ ఇల్లు మానేసి బస్సులో హెల్‌బ్రున్ వెళ్ళండి, ఏప్రిల్ నుంచి నవంబర్ మొదటిదాకా తెరిచి ఉంటుంది. మార్కుస్ సిట్టికుస్ అనే ఆర్చ్‌బిషప్ అతిథుల్ని తడిపి ఆనందించడానికి కట్టించిన ఫౌంటెన్లు, రాతి బల్ల చుట్టూ కుర్చీల్లోంచి నీళ్ళు చిమ్ముతాయి, ఆయన కూర్చునే కుర్చీ ఒక్కటే పొడిగా ఉంటుంది. పట్టుచీరతో మాత్రం వెళ్ళకండి.

తిరుగు ప్రయాణం

చీకటి పడకముందే రైలెక్కండి, అక్టోబర్‌లో అయితే నాలుగు గంటల రైలు. ఇప్పుడు కొండలు ఎడమవైపు వస్తాయి. పాస్‌పోర్టులు సూట్‌కేస్ అడుగున కాదు, చేతిసంచిలో పెట్టుకోండి, ఫ్రైలాసింగ్‌లో రైలు కొంచెం సేపు ఆగుతుంది. మా పెట్టెలోకి వచ్చిన పోలీసు అమ్మాయి అమ్మ పాస్‌పోర్ట్ తెరిచి, పుట్టిన తేదీ చూసి, ఒక్క క్షణం ఆగి జర్మన్‌లో శుభాకాంక్షలు చెప్పింది. అమ్మకి భాష రాకపోయినా అర్థమైంది, వెంటనే సంచిలోంచి ఒక రవ్వలడ్డూ తీసి ఇవ్వబోయింది, ఆ అమ్మాయి డ్యూటీలో ఉన్నాను వద్దండి అని నవ్వి వెళ్ళింది. ట్రౌన్‌స్టైన్ దాటేదాకా అమ్మ ఆ లడ్డూ చేతిలోనే పట్టుకుని కొండలు చూస్తూ కూర్చుంది, తర్వాత ఇద్దరం చెరి సగం తిన్నాం.